ఎనిమిదిన్నర చీకటి

చీకటికి కూడా ఒక ఊరేగింపు ఉంది. ఏటా సాధారణంగా మార్చి నెలాఖరున, ఒక శనివారం రాత్రి, అది న్యూజిలాండ్ తీరాన బయలుదేరుతుంది. ఎక్కడికక్కడ గడియారం ఎనిమిదిన్నర చూపగానే అక్కడి దీపాలు కళ్లు మూసుకుంటాయి. సిడ్నీలో ఒపేరా హౌస్ తెల్లని రెక్కలు మసకబారతాయి. ఇంకొన్ని గంటలకు ఆ చీకటి బంగాళాఖాతం దాటివచ్చి మన గడప తొక్కుతుంది. మనల్ని దాటి పడమటికి సాగి, పారిస్‌లో ఈఫిల్ టవర్‌ను తనలో కలుపుకొని, అట్లాంటిక్ మీదుగా అమెరికా చేరుతుంది. పల్లకి లేదు, మేళతాళాలు లేవు, ముందు నడిచే కాగడాలు అసలే లేవు. అయినా ఎంత రాజసం! ఎంత నెమ్మది! భూగోళమంతా తన చేత్తో తానే కొంగు కప్పుకుంటున్నట్టుండే ఆ గంటను తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది.

ఎర్త్ అవర్ అంటారు దాన్ని. 2007 మార్చి 31న సిడ్నీలో 22 లక్షల మంది దీపాలార్పి మొదలుపెట్టారు. వేడెక్కిపోతున్న భూమిని కాస్త పట్టించుకోండని ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. ఇచ్చిన పిలుపు అది. 2009 నుంచి మన దేశమూ ఆ వరసలో నిలబడింది. మార్చి నెలాఖరే ఎందుకంటే, పగలూ రాత్రీ సరిసమానంగా తూగే రోజులవి. భూమధ్యరేఖకు అటువైపూ ఇటువైపూ సూర్యుడు ఇంచుమించు ఒకే వేళకు దిగిపోతాడు. అందువల్ల ఆ ఎనిమిదిన్నరకు అందరి ఆకాశమూ ఒకే తీరుగా నల్లబడి ఉంటుంది. ఈ ముహూర్తం పెట్టినవాళ్లు ఎవరోగాని, పంచాంగం ఎరిగిన రసికులు!

హైదరాబాద్‌లో ఈమధ్య ఏళ్లలో ఆ గంటకు చార్మినార్, గోల్కొండ, హుస్సేన్‌సాగర్ బుద్ధుడు, దుర్గం చెరువు తీగల వంతెన అన్నీ దీపాలార్పుకుంటున్నాయి. 1591లో కట్టిన చార్మినార్‌ను మనం ఇప్పుడు చూసేది కింది నుంచి ఎగజిమ్మే కాంతిలో. ఆ కాంతికి సున్నపు నగిషీలు చదునైపోతాయి, మినార్లు బొమ్మల కొలువులో అట్టముక్కల్లా నిలబడతాయి. ఆ కాంతి ఆరిన క్షణం ఏమవుతుందో గమనించండి. మొదట ఏమీ కనబడదు. కన్ను తడుముకుంటుంది. తర్వాత ఆకాశం నలుపు వేరు, రాయి నలుపు వేరు అని మెల్లగా తెలుస్తుంది. అంచులు తేలతాయి. కమాను కింది చీకటి మరింత చిక్కనవుతుంది. నాలుగు మినార్లూ ఆకాశంలోకి నిజంగా లేస్తాయి! బరువున్న కట్టడం తన బరువును తిరిగి తెచ్చుకుంటుంది. ఇక తీగల వంతెన సంగతి నా మట్టుకు నాకు తేలికగానే తేలిపోయింది. ఆ రంగురంగుల తళుకులు ఆరితే వంతెనకు పోయేదేమీ లేదు, కింద చెరువుకు మాత్రం ప్రాణం లేచివస్తుంది.

అయితే నేను వేములవాడ వాణ్ణి. నాకు చీకటి రుచి తెలిసింది రాజరాజేశ్వరస్వామి, అంటే మా రాజన్న చెంతనే.

2020 ఏప్రిల్ 5 గుర్తుందా మీకు? అది ఎర్త్ అవర్ కాదు, వాతావరణం ఊసూ లేదు. కరోనా కాలం. రాత్రి 9 గంటలకు 9 నిమిషాల పాటు ఇంట్లో దీపాలు ఆర్పి, ప్రమిదో కొవ్వొత్తో వెలిగించమని ప్రధాని పిలుపు. గుడి మూసి ఉంది. గుడి కోనేరు ధర్మగుండం మెట్ల మీద మనిషి లేడు. మొక్కుకు తెచ్చే కోడెల మెడ గంటలు లేవు. ఆదివారం సాయంత్రమంటే సోమవారం దర్శనానికి వచ్చే జనంతో కిక్కిరిసే వీధులు బోసిపోయి ఉన్నాయి. సరిగ్గా తొమ్మిదికి ఒక్కొక్క ఇల్లూ ఆరింది. వీధి దీపాలు ఆర్పవద్దని సర్కారు ముందే చెప్పింది కాబట్టి అవి వెలుగుతూనే ఉన్నాయి. అయినా ఇళ్ల కిటికీల్లోంచి, వరండాల్లోంచి, దుకాణాల బోర్డుల్లోంచి ఒలికే ఆ తెల్లని పాలిపోయిన వెలుగు లేకపోయేసరికి ఊరు ఊపిరి వదిలినట్టయింది.

ఆ రోజు చైత్ర శుద్ధ ద్వాదశి. చంద్రుడు దాదాపు నడినెత్తిన ఉన్నాడు. వీధి దీపం అందని స్లాబుల మీద వెన్నెల పారింది. పారిందనే అంటాను, ఎందుకంటే అది కదిలింది! నీళ్ల ట్యాంకు వెనక నీడ, ఆరేసిన చీర అంచు నీడ, పిట్టగోడ మీద పడుకున్న పిల్లి నీడ, అన్నీ వాటి వాటి చోట్లకు వచ్చి కూర్చున్నాయి. మా ఊళ్లో నీడలుంటాయని నాకు అప్పుడే తెలిసినట్టనిపించింది. పడమట, దిగువగా, శుక్రుడు. ఆ వారంలోనే శుక్రుడు కృత్తికల గుంపులోంచి దాటిపోయాడు. పిల్లలకోడి అని మా పెద్దలు పిలిచే ఆ చిన్ని చుక్కల మూకను ఆనుకొని అంత పెద్ద వజ్రపు తునక! పక్క స్లాబు మీద ప్రమిద పట్టుకొని నిలబడ్డ ముసలవ్వ ఒకావిడ నన్ను చూసి, బల్బులను బుగ్గలనే మా యాసలో, "బుగ్గలన్ని బంద్ చేస్తె ఊరెంత సక్కగున్నదో సూడు బిడ్డా" అన్నది. ఆ ఒక్క మాటకు సరితూగే రసవిమర్శ నేనింతవరకు రాయలేదు.

తొమ్మిది నిమిషాల్లో నాలుగు నిమిషాలు పటాకులు కాల్చి చెడగొట్టారనుకోండి. చీకటిని భరించడం చేతగానివాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు.

అదే వేళ దేశమంతటా కరెంటు వాడకం ఒక్కసారిగా దాదాపు 31,000 మెగావాట్లు పడిపోయింది. అంత బరువు చటుక్కున దిగితే గ్రిడ్డు కుప్పకూలవచ్చు. కూలలేదు. ఎక్కడెక్కడి జలవిద్యుత్ కేంద్రాల్లోనో ఇంజనీర్లు నీటి జోరు తగ్గించి, తొమ్మిది నిమిషాలు దాటగానే మళ్లీ పెంచి, లయ తప్పకుండా నడిపించారు. పాట మధ్యలో గాయకుడు హఠాత్తుగా ఆగినా తాళం జారనివ్వని మృదంగ విద్వాంసుణ్ణి తలపించే పని అది. వాళ్లకు చప్పట్లు కొట్టినవాళ్లు తక్కువ. నేను ఇక్కడ కొడుతున్నాను.

వెలుగును తిట్టడానికి పూనుకున్నానని మీరు అనుకోకూడదు. మా ప్రాంతానికి కరెంటు అంటే అపురూపం. పక్కనే ఉన్న సిరిసిల్లలో 1970లో సహకార విద్యుత్ సరఫరా సంఘం పుట్టింది. దేశంలో అటువంటివి తొలి వరసలో పుట్టినవాటిలో ఇదొకటి. మేము సెస్ అంటాం. మా బిల్లు సెస్ బిల్లు, మా కరెంటు సెస్ కరెంటు. వాడుకునేవాళ్లే సభ్యులు, సభ్యులే ఓట్లేసి డైరెక్టర్లను ఎన్నుకుంటారు. అంతకుముందు గాసునూనె బుడ్డీలు, కందిళ్లు. సాయంత్రం కాగానే చిమ్నీలోని మసిని పాతగుడ్డతో తుడిచి, వత్తి కత్తిరించి, నిప్పుపుల్ల గీసి, గాజు దించి, మంటను మెల్లగా తగ్గించే ఆ పనిని మా అమ్మమ్మ ఒక పూజలా చేసేదట. ఆ పొగకు ఆమె కళ్లు పోయేదాకా వచ్చాయి కూడా! కాబట్టి ఊళ్లో మొదటి బుగ్గ వెలిగిననాడు జనం దండం పెట్టారంటే అందులో వింతలేదు. ఆ దండం న్యాయమైనది. ఆ దండం పెట్టిన చేతులే ఒక గంటసేపు స్విచ్చి నొక్కితే ఆ చీకటికి గౌరవం. కరెంటు పోయినప్పటి చీకటిలో ఉక్కపోత ఉంటుంది, తిట్లు ఉంటాయి, ఎండిపోయే వరిమడి మీద రైతు దిగులు ఉంటుంది. కోరి పిలుచుకున్న చీకటిలో అవేవీ ఉండవు. అది చుట్టం. పీట వేసి కూర్చోబెట్టాలి.

పీట వేయడం మా ఊరికి కొత్తేమీ కాదు. రాజన్న గుడిలో గండదీపం మొక్కు ఉంది. గండాలు గట్టెక్కాలని భక్తులు ఆ దీపం వెలిగిస్తారు. ఒక తల్లి ఆ దీపం దగ్గర నిలబడినప్పుడు మీరు పక్కనే ఉండి చూడాలి. ఎడమ చెయ్యి గాలికి అడ్డం. నూనెలో తడిసిన వేళ్లు. మంట మొదట నీలంగా తడబడి, పసుపుగా నిక్కి, కొసన ఎర్రగా వణుకుతుంది. ఆ వెలుగు ఆమె అరచేతిలోంచి దూసుకొచ్చి చేతి అంచును దానిమ్మ రంగుకు మారుస్తుంది. ముక్కుపుడక ఒక్కసారి మెరిసి ఆగుతుంది. కనురెప్పల నీడలు చెంపల మీద ఊగుతాయి. మొక్కు ఏమిటో ఆమె చెప్పదు, మనం అడగం. ఆ మొహం మాత్రం అప్పుడే మలిచిన విగ్రహంలా ఉంటుంది! ఇప్పుడు పైనున్న ట్యూబ్‌లైటు వేయండి. అంతా ఉంటుంది, ఏదీ ఉండదు. అదే తల్లి, అదే దీపం, అదే ముక్కుపుడక. రసం మాత్రం ఇంకిపోతుంది.

భీమేశ్వరాలయానికి వెళ్లండి. బద్దెగుడు కట్టించినట్టు చెప్పే గుడి, వెయ్యేళ్లు పైబడిన రాయి. వేములవాడ చాళుక్యుల కాలం అది. రెండో అరికేసరి కొలువులో పంపకవి విక్రమార్జున విజయాన్ని రచించింది ఈ ఊరి నూనెదీపాల వెలుతురులోనే కదా! శిల్పి ఆ స్తంభాలను చెక్కేటప్పుడు, గర్భగుడి మంటపంలో వాటిని చూడబోయే వెలుగు ఎటువంటిదో తెలిసే చెక్కాడు. పక్కనుంచి, దిగువ నుంచి, వణుకుతూ వచ్చే వెలుగు. అందుకే ఆ గాట్లలో అంత లోతు, ఆ వంపుల్లో అంత మెత్తన. ఒక ప్రమిదను స్తంభం పక్కగా కదిలిస్తూ నడిస్తే రాతి పట్టీలు ఒకదాని వెంట ఒకటి మేలుకుంటాయి. నీడ ముందు నడుస్తుంది, వెలుగు వెంటబడుతుంది, రాయి ఊపిరి తీస్తుంది! నిండు విద్యుత్కాంతిలో ఆ స్తంభం నోరు మెదపదు.

అందుకే శివరాత్రి జాతరప్పుడు గోపురానికి చుట్టే ఆ ఆరీవెలిగే సీరియల్ బుగ్గలంటే నాకు గిట్టదు. ఎవరేమనుకున్నా సరే. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి. చంద్రుడు తెల్లవారుజాముకు గాని రాడు, వచ్చినా సన్నని గీత. ఏడాదిలో అంత నల్లని రాత్రిని ఎంచుకొని, నడిరేయి లింగోద్భవ కాలమని, ఆదీ అంతమూ లేని వెలుగు స్తంభం ఆవిర్భవించిందని మన పెద్దలు చెప్పారు. ఆ వెలుగు పుట్టడానికి అంత చీకటి కావలసివచ్చింది! లక్షలాది జనం జాగారం ఉండే ఆ రాత్రిని ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల మిణుకుమిణుకులతో నింపి, మైకుల్లో సినిమా ట్యూనులు పెడితే, లింగోద్భవం ఎక్కడ ఇముడుతుంది?

ఇక ఆకాశం సంగతి. 2025లో ఎర్త్ అవర్ మార్చి 22న వచ్చింది. ఫాల్గుణ బహుళ అష్టమి. చంద్రోదయం అర్ధరాత్రి దాకా లేదు. ఊరి వెలుగు వీపున పెట్టుకొని, మూలవాగు అవతల పొలం గట్టున నిలబడ్డాను. పడమట పిల్లలకోడి వాలుతోంది. ఈశాన్యాన సప్తర్షులు, అదే ముసలమ్మ మంచం, కోళ్లు పైకి లేస్తున్నాయి. దక్షిణాన, నేలకు దగ్గరగా, అగస్త్యుడు. నైరుతి దిక్కున, నక్షత్రాలన్నిటికంటె ధగధగమంటూ, నీలితెలుపు నిప్పుకణిక, మృగవ్యాధుడు! ఐతరేయ బ్రాహ్మణంలో కథ ఉంది. లేడి రూపెత్తి తప్పుదారి పట్టిన ప్రజాపతిని వెంటాడి బాణం వేసిన వేటగాడు ఆ చుక్కే. మృగశిర ఆ లేడి. నడుమ వరసగా కనిపించే మూడు చుక్కలు ఆ బాణం. ఆ బాణం గీతను పట్టుకొని కన్ను జారిస్తే సూటిగా వేటగాడి దగ్గరికే చేరుతుంది. ఆ వేటగాడెవరనుకున్నారు? రుద్రుడు. మా రాజన్నే! ఏటా ఆ రాత్రి ఎనిమిదిన్నరకు శివుడు విల్లు ఎక్కుపెట్టి వేములవాడ మీద నిలబడి ఉంటాడు. మన బుగ్గల మోతలో ఆయన కనబడటం లేదు, అంతే. గోపురం మీది దీపాలు ఆర్పితే దర్శనానికి క్యూ అక్కర్లేదు, టికెట్టు అక్కర్లేదు.

లెక్కలు అడిగేవాళ్లుంటారు. ఒక గంటలో ఎంత ఆదా అని. లెక్క తీస్తే అంతంత మాత్రమే, అందులోనూ ఈ ఎల్‌ఈడీల కాలంలో. అయినా మనం కాల్చే ఒక్కో యూనిట్ కరెంటు వెనక సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంది. ఇక్కడికి వంద కిలోమీటర్ల లోపే రామగుండంలో సింగరేణి బొగ్గు మండుతూ ఉంది. ఒక్క ఎన్టీపీసీ పాత కేంద్రమే 2,600 మెగావాట్లది. గోదావరిఖని గనుల్లో చీకట్లోకి దిగి తవ్వినవాడి చెమటే మన గదిలో తెల్లగా వెలుగుతోంది. ఈ సంగతి బడిలో పాఠంగా చెబితే పిల్లలు ఆవులిస్తారు. చీకట్లో, స్లాబు మీద, చాప పరిచి చెప్పండి. వింటారు. నేను చూశాను. రసం ముట్టిన చోట మాట దిగుతుంది.

ఇంకో మాట. దీపాలార్పడమంటే బతుకు ఆపుకోవడమని బెదిరించేవాళ్లను నమ్మకండి. ఇక్కడికి దగ్గరలోనే సిరిసిల్లలో మరమగ్గాలు రాత్రింబవళ్లు ఆడుతుంటాయి. నేతన్నకు నేసినంతే కూలి. ఆ మగ్గం ఆపమని, దాని నెత్తిన వేలాడే బుగ్గ తీయమని ఎవరూ అడగటం లేదు, అడగకూడదు. ఆస్పత్రిలో, వంటింట్లో, చదువుకునే పిల్ల బల్ల మీద దీపం ఉండాల్సిందే. ఆరాల్సినవి వేరే ఉన్నాయి. ఎవరూ లేని గదుల్లో వెలిగేవి, లాడ్జీ బోర్డుల మీద పరుగులు తీసేవి, ఫంక్షన్ హాళ్ల చెట్లకు చుట్టుకొని పిట్టలకు నిద్రలేకుండా చేసేవి. అవి ఆరితే చెవులు తెరుచుకుంటాయి. దూరంగా మగ్గాల టకటక, దగ్గరగా కోడె మెడలో గంట, ధర్మగుండంలో చేప ఎగిరి పడ్డ చప్పుడు. ఇవన్నీ రోజూ ఉన్నవే, వెలుగు కింద నలిగి వినబడకుండా పోయినవే!

కాబట్టి దేవస్థానం పెద్దలకూ, మున్సిపాలిటీ వారికీ, లాడ్జీల యజమానులకూ ఒక విన్నపం. వచ్చే మార్చిలో ఎర్త్ అవర్ తేదీ ముందే తెలుసుకొని, ఆ శనివారం రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా గోపురం అలంకార దీపాలు, బోర్డులు, రంగుల బుగ్గలు బంద్ పెట్టండి. జనం నడిచే దారిలో దీపాలు ఉంచండి. గర్భగుడి దీపం, గండదీపం యథావిధిగా వెలగనివ్వండి. పాఠకులారా, మీరు ఏ ఊళ్లో ఉన్నా సరే, ఆ గంటకు ఇంటిల్లిపాదీ స్లాబు ఎక్కండి. ఫోన్ కింద పెట్టేసి రండి. కన్ను చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఓపిక పట్టండి. తర్వాత నైరుతి వైపు చూడండి.